మేడ మీది తొమ్మిది వాల్వులు

ఆ గుడ్డపేలికలు పోయింది ఏప్రిల్‌లో, విద్యాసాగర్ చనిపోయిన పదకొండో రోజున. వాటిని వెతకడం మొదలుపెట్టింది మాత్రం జూన్ మూడో వారంలో, కింది వాటాలో కిరాయికుండే జయమ్మ పడకగది పైకప్పు పెచ్చు ఊడి ఆమె భర్త ఇంద్రసేన మంచానికి జానెడు దూరంలో పడిన తరువాత.

పెచ్చు అన్నం పళ్లెమంత ఉంది. జయమ్మ దాన్ని పారెయ్యలేదు. పాత పేపరు పరిచి గడప పక్కన పెట్టింది, వచ్చినవాళ్లంతా చూడాలని.

విద్యాసాగర్ భార్య రజని కూడా చూసింది. బడి వదలగానే ఆబిడ్స్ నుంచి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో తొమ్మిదో తరగతి పిల్లల వ్యాసాల పుస్తకాల సంచీ ఇంకా అలాగే ఉంది. చెప్పులు విడిచి లోపలికి రాగానే కాలి కింద తడి తగిలింది.

"గోడ పక్కకు రాకుండ్రి టీచరమ్మా. ఇటు, ఈ స్టూలు మీద కూసోండ్రి," అంది జయమ్మ. "నాలుగు దినాలాయె. గోడకు చెమట పట్టినట్టు పడుతున్నది. ఇయ్యాల పొద్దుగాల నేను చాయ్ పెడుతున్న, ధన్ అని సప్పుడైంది. జర ఇటు పడుంటే ఈయన తల పలుగుతుండె."

"నా తల సంగతి ఎందుకు తీస్తవ్," అన్నాడు మంచం మీద కూర్చున్న ఇంద్రసేన. ముప్పై రెండేళ్లు సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎడమ కాలు పడిపోయి రెండేళ్లయింది. ఇస్త్రీ చొక్కా మాత్రం మానలేదు. "మొదలు బుచ్చిబాబు సారుకు కుర్చీ ఎయ్యి."

బుచ్చిబాబు కూర్చోలేదు. ఆయన విద్యాసాగర్ అన్నగారు. ఈ బిల్డింగులో సగం ఆయన పేరు మీద ఉంది. ఇరవై రెండేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ కిరాయిలు వస్తాయని, నాంపల్లి స్టేషన్ దగ్గర కాబట్టి ఎప్పుడూ ఖాళీగా ఉండదని కొన్నారు. ఖాళీగా ఉండలేదు, నిజమే. కానీ కొన్న తరువాత బుచ్చిబాబు దీని మెట్లెక్కింది పట్టుమని పదిసార్లు కూడా లేదు. నల్లాలు, మోటారు, కిరాయిదార్లు, మునిసిపాలిటీ మనుషులు, అన్నీ తమ్ముడే చూసుకునేవాడు.

"ఎక్కడినుంచి వస్తున్నాయయ్యా ఈ నీళ్లు?" అని అడిగాడు.

ప్లంబర్ బాలమల్లు గోడకు చెవి ఆనించి ఉన్నాడు. చెవి తియ్యకుండానే జవాబిచ్చాడు. "గోడలకెళ్లి సార్."

"గోడలోంచని నాకూ కనిపిస్తోంది. గోడలో ఎక్కడినుంచి?"

"గదే ఎరుక లేదు. మీదికెళ్లి తొమ్మిది పైపులు దిగుతయి. అన్నీ ఇనుపవే, యాభై ఏండ్లవి. ఈ గోడలకెళ్లి ఎన్ని పోయినయో, ఆ గోడలకెళ్లి ఎన్ని పోయినయో. ఏసినోడు ఎప్పుడో పోయిండు. సారు ఉంటే చెప్తుండె."

సారు ఉంటే. ఈ రెండు నెలల్లో రజని ఆ మాట వినని రోజు లేదు. బ్యాంకులో విన్నది, గ్యాసు వాళ్ల దగ్గర విన్నది, బడిలో విన్నది. ఇప్పుడది చెవిలో పడి ఎటూ పోకుండా అక్కడే ఆగిపోతుంది. ఆమె తల ఊపింది.

అందరూ మేడ మీదికి వెళ్లారు. ఇంద్రసేన ఒక్కడూ కింద ఉండిపోయాడు.

ట్యాంకు కింద పిట్టగోడ వెంబడి తొమ్మిది వాల్వులు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో పైపు గోడలోకి దిగుతుంది. అన్నీ ఒకే రకం, ఒకే తుప్పు. చివరినుంచి రెండోదాని మీద పిడి లేదు. దాని మూతికి బాలమల్లు బిరడా బిగించాడు.

"నాకేం తెల్సు అంకుల్," అన్నాడు సుశాంత్, ఎవరూ అడగకముందే. మొదటి అంతస్తులో కిరాయికి ఉంటాడు. ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో పని. "బాత్రూంల నల్లా కారుతున్నది. జర నీళ్లు బంద్ చేద్దామని వచ్చిన. కొంచెం తిప్పిన, అంతే. ఖట్ అన్నది. చేతిలకొచ్చింది."

"నువ్వు కొంచెం తిప్పలే తమ్మీ," అన్నాడు బాలమల్లు. "ఆటో స్టార్ట్ చెయ్యనీకి రాడ్ గుంజినట్టు గుంజినవ్. ఆ దెబ్బకు లోపల యాడనో జాయింట్ వదిలింది."

"దాని మీద ముట్టొద్దు అని రాసుందా?"

"రాసి లేదు. కట్టి ఉండె."

బుచ్చిబాబు ఇటు తిరిగాడు. "ఏమిటి కట్టి ఉండేది?"

"గుడ్డలు సార్. మీ తమ్ముడు పాత లుంగీలు చింపి కట్టిండు. ఎర్రది జయమ్మ వాళ్ల వంటింటికి. పచ్చది ఈ పిలగాని వంటింటికి. గట్ల ఒక్కోదానికి ఒక్క రంగు. నాలుగింటికి మాత్రం నల్లవి. అవి ముట్టొద్దు, లోపల మర అరిగిపోయింది, తిప్పితే ఊడి వస్తదని. పదేండ్ల సంది నేను గుడ్డ చూసుకొని పని చేసిన. పైపు చూసుకొని గాదు."

"మరి ఆ గుడ్డలేవి?"

"గదే నేను నాలుగు దినాల సంది అడుగుతున్న."

కింద సందులో తోపుడుబండివాడు మామిడిపళ్లని అరుస్తూ వెళ్లిపోయాడు.

"మేడ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నాడు బుచ్చిబాబు.

"నా దగ్గరనే ఉంటది," అంది జయమ్మ.

"ఏప్రిల్లో మీరు ఇక్కడ వడియాలు పెట్టారు కదూ?"

"ఔ, పెట్టిన. ఏటా పెడుత. మీ తమ్మునికి గూడ డబ్బా నింపి ఇస్తుంటి."

"అప్పుడు అడ్డమని తీసేశారా?"

"నేను తియ్యలే సార్."

"పదకొండో రోజున మీరే అన్నారట. పోయినాయన బట్ట ఒక్క పేలిక కూడా ఇంట్లో ఉంచకూడదని."

"అన్న. అందరు అనే మాటనే నేనూ అన్న. కాదంటలే." జయమ్మ చూపు ట్యాంకు మీద ఉంది. "తీసింది నేను గాదు."

"మరెవరు తీశారు? తాళం మీ దగ్గర, మాట మీ నోట. ఇంకెవరు తీస్తారు?"

"నాకెట్ల తెలుస్తది సార్."

తీసింది రజని.

కాచిగూడలో వాళ్లుండే అపార్ట్‌మెంటులో అపరకర్మలు పెట్టుకోవద్దని అసోసియేషన్ వాళ్ల నియమం. అందుకని పదకొండో రోజు భోజనాలు ఈ మేడ మీదనే, షామియానా కింద పెట్టారు. భోజనాలయ్యాక ఆడవాళ్లు బట్టల మూట కడుతున్నారు. పేలిక కూడా ఉంచొద్దని జయమ్మ అంటూ ఉంటే రజని చెయ్యి కడుక్కోవడానికి ట్యాంకు దగ్గరకు వచ్చింది. వాల్వులకు ఆయన లుంగీల ముక్కలు కనిపించాయి. ఒకటి నీలం గళ్లది, ఆమె కోఠిలో కొన్నది. ఒక్కొక్క ముడీ విప్పింది. ముడులు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని పంటితో లాగవలసి వచ్చింది. తొమ్మిది ముక్కలూ తీసుకెళ్లి మూటలో పెట్టింది. ఒక పని పూర్తయిందనిపించింది, అంతకన్నా ఏమీ అనిపించలేదు. ఆయన ఆదివారాలు ఇక్కడికి వచ్చి ఏం చేసేవాడో ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ అడగలేదు.

నేనే తీశాను బావగారూ. అంతే చెప్పాలి. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. వచ్చినవి అక్కడే ఉన్నాయి.

"చూడండి జయమ్మగారూ," అన్నాడు బుచ్చిబాబు. గొంతు పెంచలేదు. "రేపు పెద్ద పెచ్చు ఆయన మీద పడితే పోలీసులు మా ఇంటికొస్తారు. చేసింది మీరు, నెత్తికెత్తుకునేది మేము. ఆదివారం వస్తాను. ఖాళీ చేస్తామని కాగితం రాసి ఉంచండి. ఆగస్టు నెలాఖరుదాకా గడువిస్తాను. రాయనంటే వకీలు చేత నోటీసు పంపిస్తాను."

"ముప్పై ఒక్క ఏండ్ల సంది ఉంటున్నం సార్. మీరు కొనకముందుకెళ్లి ఉంటున్నం."

"అదేనమ్మా నేననేది. ఈ పైపులకూ మీకూ తేడా లేకుండా పోయింది. ఎవరూ కదలరు."

ఆ మాటకు సుశాంత్ నవ్వబోయి ఆగాడు. జయమ్మ మెట్ల వైపు నడిచింది. రజని పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగినట్టే ఆగి దిగిపోయింది.

*

ఆబిడ్స్‌లో బడి ఎదురుగా ఉన్న హోటల్లో బుచ్చిబాబు రెండు టీలు చెప్పాడు. టీ వచ్చేదాకా రుమాలుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"లక్డీకాపూల్‌లో ఒక బిల్డర్ని కలిశానమ్మా. మంచివాడు. పాతది పడగొట్టి ఐదంతస్తులు వేస్తాడు. మనకు చెరి రెండు ఫ్లాట్లు. కొత్త పైపులు, కొత్త వైర్లు. నువ్వు బడినుంచి పరిగెత్తుకు రావక్కర్లేదు, నేను ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారక్కర్లేదు."

"కిరాయికి ఉన్నవాళ్లో?"

"సుశాంతుదేముంది, ఈ వీధి కాకపోతే పై వీధి. జయమ్మవాళ్లే కదలరు. ఇప్పుడు కదులుతారు."

రజని గ్లాసు పట్టుకుంది. వేడిగా ఉందో లేదో తెలియలేదు.

"బాలమల్లు ఒక మాట చెప్పాడు బావగారూ. గోడలోని పైపులు గోడలోనే వదిలేసి, బయటినుంచి కొత్త ప్లాస్టిక్ పైపులు దింపవచ్చట. రెండు వారాల పని అన్నాడు."

"ఇవాళ పైపులు. రేపు స్లాబు. ఎల్లుండి డ్రైనేజి. తమ్ముడు బతికుండగా నాకెప్పుడూ చెప్పేవాడు కాదు గాని, ఆ బిల్డింగును వాడు నిలబెట్టాడమ్మా. ఏ పైపు ఎటు పోతుందో, ఏ గోడకు మేకు కొట్టకూడదో, అన్నీ వాడి తలలోనే ఉండేవి. తలతోబాటే పోయాయి."

బుచ్చిబాబు ఆగాడు. గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ గుడ్డపేలికలే మిగిల్చి పోయాడు," అన్నాడు. "వాటిని కూడా ఉంచలేదు చూడు. అదీ నా బాధ. ఏ చేత్తో విప్పారో గాని..."

"జయమ్మగారు తియ్యలేదేమో బావగారూ."

"మరెవరు తీశారు?"

ఆయన సూటిగా చూస్తున్నాడు. కళ్లజోడు లేని కళ్లు అచ్చం తమ్ముడివి. ఆ పోలిక రజని ఇదివరకు గమనించలేదు.

"తెలియదు," అంది.

"నువ్వు మెత్తని మనిషివి. ఆవిణ్ని వెనకేసుకు రాకు. టీ తాగు, చల్లారిపోతోంది."

రజని టీ తాగింది. అంతవరకూ ఆమె ఊరుకుంది, అంతే. ఇప్పుడు అబద్ధం చెప్పింది. ఆ తేడా ఆమెకు తెలుసు. తెలిసినా, లోపల ఎక్కడా ఏమీ కదలలేదు. మెదక్ వెళ్లే బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. బుచ్చిబాబు బిల్లు చెల్లించి, ఆమెను ఆటో ఎక్కించి, జాగ్రత్తమ్మా అన్నాడు.

మర్నాడు శుక్రవారం తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతూ ఆమె వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియలేదు. నలభై రెండు మంది ఆడపిల్లలు కదలకుండా ఎదురుచూశారు. ఏప్రిల్‌కు ముందైతే ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వరు. ఆ మర్యాదే ఆమెకు కష్టంగా ఉంది. ముందు బెంచీలో పిల్ల ఒకతి లేచి, ఆగిన చోటునుంచి తనే చదవడం మొదలుపెట్టింది. గంట కొట్టేదాకా రజని వింటూ నిలబడింది.

*

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నానికి రజని నాంపల్లి చేరింది. బాలమల్లు అప్పటికే మోటారు వేసి ట్యాంకు సగం నింపాడు.

"ఇట్ల జేద్దామమ్మా," అన్నాడు. "మంచిగ తిరిగేదాన్ని ఒక్కోదాన్ని బంద్ చేస్త. కింద ఏ నల్లా ఆగితే అది దానిది. బిగుసుకున్నదాన్ని ముట్ట. చేతికి తెలుస్తది, తిరుగుతదా, ఊడుతదా అని. మీరు రాసుకోండ్రి."

రజని సంచీలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి, వెనక పేజీలో తొమ్మిది గీతలు గీసింది.

కింద వంటింట్లో జయమ్మ నల్లాలన్నీ తిప్పి నిలబడింది. మొదటి అంతస్తులో సుశాంత్. ఆ రోజు సెలవు పెట్టుకున్నాడు. నేరం తన మీదినుంచి దిగిపోవడంతో హుషారుగా ఉన్నాడు.

బాలమల్లు మొదటి వాల్వు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, పావు చుట్టు తిప్పాడు. ఆగాడు. మళ్లీ పావు చుట్టు.

"ఆగిందా?" అని సందులోకి అరిచాడు.

"నాది పడుతున్నది!" అని జయమ్మ గొంతు.

"నాది ఆగింది అన్నా! వంటిల్లు!" అని సుశాంత్.

"అన్నం వండినోడివి కావు, నీకు వంటిల్లు ఎందుకుర?" అంది జయమ్మ కిందినుంచి.

"మ్యాగీ చేస్త ఆంటీ!"

"దానికి నల్లా ఎందుకు, గిలాసెడు నీళ్లు చాలు."

రజని మొదటి గీత మీద రాసింది. సుశాంత్ వంటిల్లు. అక్షరాలు బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా వచ్చాయి.

మూడోది ముట్టుకోగానే బాలమల్లు చెయ్యి వెనక్కి తీశాడు. "ఇది నల్లగుడ్డది," అన్నాడు. "కర్ర్ మంటున్నది." అయిదోదీ అంతే. తొమ్మిదోదీ అంతే. మిగిలినవి అయిదూ తిరిగాయి. ఆ అయిదింటినీ మూసి బాలమల్లు కిందికి దిగి, జయమ్మ పడకగది గోడకు చెవి పెట్టి, గంట తరువాత పైకి వచ్చాడు.

"అయిదూ బంద్ చేసినా గోడల సప్పుడు ఆగలే. ఊడినదానికి బిరడా పెట్టినం. అంటే ఈ మూడింట్ల ఒకటి. ఏదో చెప్పుడు నాతోని కాదు. గోడ మొత్తం పగలగొట్టాలె, లేకుంటే నేను చెప్పినట్టు బయటికెళ్లి కొత్తవి దింపాలె. మీ బావగారు సరే అంటే సోమవారం సామాన్లు తెస్త. అనకుంటే నేనేం జేస్త? మూడు పైపులూ కోసి మూతలు పెడుత. అప్పుడు జయమ్మకు బాత్రూంల నీళ్లు రావు. ఇంద్రసేన సారు కాలు చూస్తే గట్లాయె."

"బావగారిని అడుగుతాను."

"అడగండమ్మా. ఇద్దరి ఒప్పుకోలు కావాలె." బాలమల్లు ట్యాంకు నీళ్లు ఖాళీ చెయ్యడానికి అడుగు నల్లా విప్పి, బీడీ కోసం కిందికి వెళ్లాడు.

నీళ్లు మేడంతా పరుచుకుంటూ తూము వైపు పోతున్నాయి. రజని చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడింది.

జయమ్మ రెండు కప్పుల చాయ్ తీసుకుని పైకి వచ్చింది.

"చక్కెర తక్కువ ఏసిన. మీరు తక్కువ తాగుతరని సారు చెప్తుండె."

రజని కప్పు అందుకుంది. తాగలేదు.

"జయమ్మగారూ. ఆ గుడ్డలు నేనే తీశాను."

"ఎరుక," అంది జయమ్మ.

రజనికి వెంటనే అర్థం కాలేదు.

"ఆ దినం నీళ్ల జగ్గు కోసం మీదికి వస్తున్న. మెట్ల కాడ నిలవడ్డ. మీరు పంటితోని ముడి ఇప్పుతున్రు. పిలుద్దామనుకున్న. మీ మొకం చూసి పిలవలే. వెనక్కి పోయిన."

"మరి బావగారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? పేలిక గూడ ఉంచొద్దన్నది నేనే గదా. నా మాట వట్టుకొని మీరు తీసిన్రు. గుడ్డలు ఎందుకున్నయో మీకు ఎరుక లేదు. నాకు ఎరుక. ఏటా వాటి పక్కనే వడియాలు పెడుత. మెట్ల కాడ నిలవడ్డప్పుడన్నా నేను చెప్పాలె, టీచరమ్మా, అవి తియ్యకుండ్రి అని. చెప్పలే."

"అయినా ఆ నింద మీరెందుకు మోయాలి?"

"మొయ్యలే. ఆగిన." జయమ్మ కప్పును పిట్టగోడ మీద పెట్టింది. "మీరు చెప్తరని చూసిన. మొన్న ఆయన నన్ను అడుగుతుంటే మీరు పక్కనే ఉన్నరు. ఇప్పుడు చెప్తది, ఇప్పుడు చెప్తది అనుకున్న. కిందికి పోయేటప్పుడు గూడ ఆగిన."

"చూశాను."

"ఈయన రెండు దినాల సంది నాతోని సక్కగ మాట్లాడుతలేడు. నువ్వు తియ్యకుంటే ఎవరు తీసిన్రో చెప్పు అంటడు. ఎట్ల చెప్త? చెప్తే మీ ఇంటి మాట అయితది."

"ఇవాళ చెప్పాను కదా."

"నాతోని చెప్పిన్రు," అంది జయమ్మ. గొంతులో కోపం లేదు. "నాతోని చెప్తే ఏమైతది టీచరమ్మా? నాకు ఎరుకనే ఉండె."

రజని చాయ్ ఒక గుక్క తాగింది. చక్కెర సరిగ్గా తను తాగేటంతే ఉంది. కప్పు పక్కన పెట్టి, ఫోను తీసి, బుచ్చిబాబు నంబరు నొక్కింది. జయమ్మ వెళ్లిపోబోతే చేత్తో ఆగమంది.

రెండు రింగులకే ఎత్తాడు.

"నేనే చేద్దామనుకుంటున్నానమ్మా. నీకు నూరేళ్లు. పని అయిపోయింది."

"ఏ పని బావగారూ?"

"కాగితం. ఆదివారం దాకా ఎందుకని పొద్దున్నే వెళ్లాను. ఆవిడ కూరగాయలకు పోయింది, ఇంద్రసేన ఒక్కడే ఉన్నాడు. నేను పెద్దగా ఏమీ అననేలేదమ్మా. తనే కాగితం అడిగి, తనే రాశాడు. ముప్పై ఒక్క ఏండ్లల్ల మా మీద ఒక్క మాట రాలే సార్, ఇప్పుడొచ్చింది, ఇంక ఉండుడు మర్యాద గాదు అన్నాడు. నా భార్య చేసిన పొరపాటుకు మన్నించండి, ఆగస్టు నెలాఖరుకు ఖాళీ చేస్తాను అని రాశాడు. పాతకాలం గుమాస్తా కదా, కొట్టివేత ఒక్కటి లేదు. ఫొటో తీసి నీకు వాట్సాప్‌లో పెట్టాను, చూడలేదా?"

"చూడలేదు."

"చూడు. ఆవిడకు తను చెప్పుకుంటానన్నాడు. చెప్పాడో లేదో. రేపు పొద్దున వస్తాను, నువ్వు కూడా ఒక సంతకం పెడితే బిల్డరుకు ఇచ్చేస్తాను."

జయమ్మ రెండడుగుల దూరంలో ఉంది. పారుతున్న నీళ్లలో కాళ్లు తడవకుండా ఒక ఇటుక మీద నిలబడి, పిట్టగోడ మీది కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుని, రజని ముఖంలోకి చూస్తోంది. భర్త ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ చాయ్ తెచ్చేది కాదు.

"రజనీ? వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. నేను సంతకం పెట్టను బావగారూ."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"అదేమిటమ్మా? ఎందుకని?"

ప్రశ్న చాలా మామూలుగా అడిగాడు. ఆ గొంతులో కోపం ఉంటే తేలికగా ఉండేది. అందులో ఉన్నది కంగారు. తమ్ముడు పోయిన రోజు ఆసుపత్రి వరండాలో ఉన్న రజనికి ఫోను చేసి, ఎలా ఉందమ్మా వాడికి అని అడిగినప్పుడు ఉన్న కంగారే.

"ఏందట?" అంది జయమ్మ మెల్లగా. "ఏమంటున్నడు?"

రజని ఫోను చెవికి ఆనించే ఉంచి జయమ్మ వైపు చూసింది. ట్యాంకులో నీళ్లు అయిపోయి, నల్లా గాలి పీలుస్తూ చప్పుడు చేసింది. ఆదివారం పొద్దున్నకు ఇంకా పద్దెనిమిది గంటలు ఉంది. మూడు పైపుల్లో కారేది ఏదో తేలలేదు. జయమ్మకు కాగితం సంగతి తెలియదు. గుడ్డలు తీసింది ఎవరో బుచ్చిబాబుకు రజని ఇంకా చెప్పలేదు.